మెసేజీ పెడితే మనిషొస్తాడు

సన్యాసిరావుకి వాట్సాప్‌లో మెసేజీ పెడితే జవాబు రాదు. సన్యాసిరావే వస్తాడు. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఆ మనిషి గురించి సగం తెలిసినట్టే. మిగతా సగం తెలుసుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అది నా తెలివి.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు పద్మకుమారి. ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లల హాస్టళ్ళలో వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. హాజరు వెయ్యడం, మందలించడం, నోటీసు అంటించడం, ఈ మూడే నాకొచ్చిన విద్యలు. ఇంట్లో మా ఆయన రాజబాబు ఒక్కడే ఉండటంతో మూడింటికీ పని లేకుండా పోయింది. అందుకని అనకాపల్లి మునిసిపల్ హైస్కూల్లో డెబ్భై ఎనిమిదిలో నాతో టెన్త్ చదివినవాళ్ళందరినీ వెతికి పట్టుకుని ఒక గ్రూపు పెట్టాను. ఎనభై నాలుగు మంది. మాడుగుల నుంచి మస్కట్ దాకా ఉన్నారు. పదకొండు నిబంధనలు రాసి అందరికీ కనిపించేలా పైన పెట్టాను. నలభై ఏళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు పొద్దున్న లేస్తే పలకరించుకుంటున్నారంటే అది నా చలవేనని నా నమ్మకం.

సన్యాసిరావూ మా క్లాసే. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేశాడు. ముప్ఫై అయిదేళ్ళు స్తంభాలెక్కి దిగాడు. రిటైరయ్యాక ఖాకీ చొక్కా వదిలాడు గాని జేబులో టెస్టరు వదల్లేదు, సైకిలు వదల్లేదు. అతని దృష్టిలో ఎవరి నోటినుంచి ఏ మాట వచ్చినా అది కంప్లైంటే. కంప్లైంటు వస్తే చెయ్యాల్సింది ఒక్కటే, వెళ్ళి అటెండవడం.

"నీకు టైపు చెయ్యడం రాదా?" అని ఒకసారి అడిగాను.

"వచ్చు."

"మరి జవాబు టైపు చేస్తే పోయేది కదా. ఇంతదూరం తొక్కుకుంటా రావడం ఏటి?"

"ఫ్యూజు పోయిందని ఫోను సేత్తే ఫోన్లోనే ఫ్యూజు ఎయ్యలేం కదా పద్మకుమారీ. స్తంభం కాడికెళ్ళాల."

అతనికి ఇంకో అలవాటుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు. మీటరుని పలకరిస్తాడు. వరండాలో మీటరు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, అందులో మినుకుమనే ఎర్ర చుక్క వంక కాసేపు చూసి, "బానే ఉంది" అని తనలో తను అనుకుని అప్పుడు గుమ్మంలోకి వస్తాడు. పూర్వం మీటర్లో చక్రం తిరిగేది. ఇప్పుడు ఇంట్లో కరెంటు ఎంత ఖర్చయితే ఆ చుక్క అంత జోరుగా మినుకుతుంది. ఇంటిల్లిపాదీ ఎదురొచ్చి "రండి రండి" అంటున్నా సరే, మీటరు దర్శనం అయ్యాకే. మా ఆయనైతే లోపలికి కేకేసేవాడు, "మీ సన్యాసిరావు వచ్చేడు. మీటరుతో మాట్లాడుతున్నాడు. ఈలోగా టీ పెట్టు."

మొదట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదనో, ఇంట్లో ఏదో పోయిందనో గ్రూపులో పెడితేనే వెళ్ళేవాడు. ఏడాదిన్నరగా మాత్రం మరీ ముదిరిపోయింది.

నూకరాజుకి మాడుగులలో హల్వా కొట్టుంది. రోజూ అయిదింటికల్లా సూర్యుడి బొమ్మతో గుడ్ మార్నింగ్ పెడతాడు. ఒకరోజు ఎనిమిదిన్నరకి కొట్టు తెరిచేసరికి సన్యాసిరావు బస్సు దిగాడు.

"గుడ్ మార్నింగన్నావు కదా మామా. గుడ్ మార్నింగ్."

"దానికోసం బస్సెక్కి వచ్చేవా బావా?"

"నువ్వు పిలిచేవు కదా."

"నేను అందరికీ పెట్టేను."

"మరి మిగతావోళ్ళు రాలేదేటి?" అని కొట్టు చుట్టూ చూశాట్ట.

నూకరాజు పావుకిలో హల్వా కట్టి పంపించి, ఆ రోజుతో గుడ్ మార్నింగులు ఆపేశాడు. మూడోనాడు మళ్ళీ అదే బస్సులో దిగాడు సన్యాసిరావు. "రెండ్రోజులై గుడ్ మార్నింగ్ లేదు. ఒంట్లో బాగోలేదేటి మామా?" ఇంకో పావుకిలో పోయింది.

గంగాభవాని అని మా క్లాసు లీడరు ఉండేది. ఒక అమ్మవారి బొమ్మ పెట్టి, దీన్ని పదిమందికి పంపిస్తే సాయంత్రంలోగా శుభవార్త వింటారని రాసింది. సన్యాసిరావు పదిళ్ళకీ వెళ్ళాడు. ఆ పదిమందిలో ఏడోదాన్ని నేను. ఎండలో సైకిలు తొక్కి వచ్చి, మీటరు చూసి, గుమ్మంలో నిలబడి ఆ మెసేజీ మొత్తం అప్పజెప్పాడు. మజ్జిగ ఇస్తే నిలబడే తాగి, "ఇంకా ముగ్గురికి సెప్పాల" అని వెళ్ళిపోయాడు.

ఇక శ్రీదేవి సంగతి. సూర్యాస్తమయం బొమ్మ మీద "ఎందరున్నా ఎవరికి వారే ఒంటరి" అని రాసున్నది ఒకటి పెట్టింది. సన్యాసిరావు తిన్నగా ఆవిడ భర్త సిమెంటు కొట్టుకి వెళ్ళాడు. "మీ ఆవిడ ఒంటరిగా ఉందంట. ఎనభై నాలుగు మందికి తెలుసు, మీకే తెల్దు" అని ఆయన్ని సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చి దింపాడు. మొగుడూ పెళ్ళాలకి నాలుగు రోజులు మాటల్లేవు. శ్రీదేవి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "బొమ్మ బాగుందని పెట్టేనే పద్మా. కింద ఏం రాసుందో నేను చదవనేలేదు."

ఇలా అడ్మిన్‌గా నాకు వచ్చిన ఫిర్యాదులు తొమ్మిది. ఏడో నిబంధన ప్రకారం సభ్యులు ఒకరి ఏకాంతాన్ని ఒకరు గౌరవించాలి. రెండుసార్లు మందలించాను. మూడోసారి తీసేశాను. హాస్టల్లో కూడా నా పద్ధతి ఇదే.

తీసెయ్యొద్దన్నవాడు ఒక్కడే, కన్నబాబు. "మన లైన్‌మన్‌ని తీసేస్తే గ్రూపంతా చీకటైపోద్ది అడ్మిన్ గారూ" అని పెట్టాడు. నలభైమంది నవ్వు బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

కన్నబాబు గురించి చెప్పకపోతే మా గ్రూపు గురించి చెప్పినట్టు కాదు. పొద్దున్న ఆరింటికి అతని జోకుతోనే మాకు తెల్లవారుతుంది. మధ్యాహ్నం "ఈరోజు మా ఇంట్లో" అని నీలం అంచు కంచంలో వంటల ఫొటో వస్తుంది. పనసపొట్టు కూర, చింతచిగురు పప్పు, నెత్తళ్ళ వేపుడు. మేమంతా లొట్టలేస్తాం. ఏడాదిన్నర కిందట అతని భార్య మణి పోయింది. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్ళీ జోకులు మొదలుపెట్టాడు. ఎంత గుండెనిబ్బరమో అని మెచ్చుకున్నాం.

తీసేసిన మర్నాడు పొద్దున్నే సన్యాసిరావు మా ఇంటికొచ్చాడు. మీటరు చూశాడు. గుమ్మంలోకొచ్చాడు.

"మెసేజీ వచ్చింది. పద్మకుమారి నిన్ను తీసేసింది అని. అటెండవుదామని వచ్చేను."

నేను సిద్ధంగా పెట్టుకున్న మందలింపు నోట్లోనే ఉండిపోయింది. టీ ఇచ్చాను. తాగి, గ్లాసు పక్కన పెట్టి అన్నాడు, "తప్పు నాదే అయ్యుంటాది. ఒక్క పని సేసిపెట్టు. కన్నబాబు పొద్దుట జోకు పెట్టేడో లేదో రోజూ నాకు సెప్పు."

"ఆ జోకులంటే అంత ఇష్టమా?"

"ఒక్కటీ అర్థం కాదు."

మొండితనం అనుకున్నాను. అలాగేలే అని ఊరుకున్నాను. మర్నాటి నుంచీ సరిగ్గా ఏడింటికి మా గేటు ముందు సైకిలు బెల్లు మోగేది. "పెట్టేడా?" అని కేక. "పెట్టేడు" అని మేం జవాబు. మా ఆయన పేపరు లోంచి తలెత్తకుండానే చెప్పేవాడు. పాలవాడు, పేపరువాడు, పెట్టేడావాడు అని ఆయన వరస.

పదకొండోనాడు బెల్లు మోగింది. "పెట్టేడా?"

ఫోను చూశాను. "ఇంకా లేదు. నిద్ర లేచుండడు. నిన్న పెట్టేడు కదా, అదేదో కోడిపుంజు జోకు."

సన్యాసిరావు సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. గేటులోంచి చూస్తే వరండాలో మా మీటరు కనిపిస్తుంది. దాని వంక కూడా చూడలేదు. మూడేళ్ళలో అలా చూడకుండా వెళ్ళడం అదే మొదలు. నాకు భయం వేసింది. ఎందుకో తెలీదు గాని చెప్పులేసుకుని బయల్దేరాను.

కన్నబాబు ఇల్లు గవరపాలెంలో. అడ్రసు నా రిజిస్టర్లో ఉంది గాని నేనెప్పుడూ వెళ్ళలేదు. మణి పోయినప్పుడు నేను గ్రూపులో సంతాప సందేశం పెట్టాను. ఇరవై నిమిషాలు కూర్చుని, రెండుసార్లు దిద్ది మరీ రాశాను. చాలా బాగా రాశారని అందరూ అన్నారు. మా ఇంటినుంచి వాళ్ళింటికి నడక పద్దెనిమిది నిమిషాలే. దారిపొడుగునా ఆ లెక్కే నన్ను తినేసింది.

నేను వెళ్ళేసరికి సన్యాసిరావు వరండాలో మీటరు ముందు నిలబడి ఉన్నాడు. తలుపు లోపల గడియ. ఒక చేతిలో తన వాచీ.

"ఇప్పుడు కూడా మీటరేటి సన్యాసిరావు. తలుపు కొట్టు."

"కొట్టేను. పలకలేదు. ఉండు, ఇంకొక్క నిమిషం."

"దేనికి?"

అతను చుక్క మీంచి కళ్ళు తియ్యకుండానే చెప్పాడు. "ఫ్రిజ్జున్న ఇంట్లో ఇది ఆగకుండా కొట్టుకుంటాది. ఒక్క ఫ్యానేసుకుంటే నిమిషానికి మూడుసార్లు. మణి పోయిన నెల్లాళ్ళకి, నేను మొదటిసారి ఈడి జోకుకి అటెండయ్యి ఇక్కడ నిలబడ్డాను. నాలుగు నిమిషాలకి ఒక్కసారి మినికింది. నాలుగు నిమిషాలకి ఒక్కటంటే ఫోను ఛార్జరు. ఇంట్లో ఫోను తప్ప ఇంకేటీ బతికి లేదు పద్మకుమారీ."

నేనూ ఆ చుక్క వంక చూశాను.

"ఇయ్యాల అదీ లేదు" అని వాచీ జేబులో పెట్టుకుని పెరటి వైపు నడిచాడు. స్తంభాలెక్కిన చేతులు. టెస్టరుతో పెరటి తలుపు గడియ ఎత్తడానికి ఎంతోసేపు పట్టలేదు.

కన్నబాబు మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే కళ్ళు తెరిచాడు. పక్కనే ఫోను చచ్చి పడుంది. "ఛార్జింగు పెడదామని లేచేను" అన్నాడు. "కాళ్ళు రాలేదు." మూడు రోజుల జ్వరం. అంటే నిన్నటి కోడిపుంజు జోకు ఆ జ్వరంలోనే పెట్టాడు. దానికి నేను నవ్వు బొమ్మ పెట్టాను.

ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఒంట్లో నీరు లేదు, ఇంకొక్క పూట ఆలస్యమైతే కిడ్నీల మీదికొచ్చేదని డాక్టరు చెప్పింది. సెలైను ఎక్కుతుంటే మేమిద్దరం బయట బల్ల మీద కూర్చున్నాం. మందలించడం నా వృత్తి కాబట్టి మందలించాను.

"ఇంత తెలిసినవాడివి రోజూ వాడింటికి వెళ్ళొచ్చు కదా. ఈ పదిరోజులూ ఏం చేసేవు?"

"నువ్వు తీసేసేక రెండ్రోజులు వెళ్ళేను. 'గ్రూపులో లేవు కదా, నా మెసేజీ నీకెలా వచ్చింది? జాలిపడి వచ్చేవా' అన్నాడు. తలుపేసుకున్నాడు."

"ఇన్నాళ్ళూ రానిచ్చేడుగా?"

"ఇన్నాళ్ళూ అందరింటికీ వెళ్ళేను కదా." సన్యాసిరావు చేతిలో టెస్టరు తిప్పుతూ అన్నాడు. "ఒక్కడింటికే రోజూ వెళ్తే అది జాలి. కన్నబాబు పౌరుషం గలోడు, ఒప్పుకోడు. ఊరందరింటికీ వెళ్తే అది పిచ్చి. పిచ్చోణ్ణి ఎవడూ గెంటేయడు. టీ ఇచ్చి కూర్చోబెడతాడు. నాకు టీ పెట్టాలంటే ఆడు పొయ్యి ఎలిగించాల. నాతోపాటు ఆడూ రెండిడ్లీ తినాల."

మాడుగుల బస్సు, గంగాభవాని పదిళ్ళు, శ్రీదేవి మొగుడు అన్నీ నా కళ్ళముందు తిరిగాయి. ఏడాదిన్నరగా ముదిరిందని మేం నవ్వుకున్నదంతా ఒక్క ఇంటి గుమ్మం దాటడానికి. నేను రాసిన ఏడో నిబంధన ఆ గుమ్మానికి గడియ పెట్టింది. సిగ్గేసింది. హాస్టల్లో ఎంతమంది పిల్లల్ని తప్పుగా శిక్షించి ఉంటానో అని కూడా అనిపించింది.

"నాకు ముందే చెప్పొచ్చు కదా."

"సెప్తే నువ్వు గ్రూపులో పెడతావు."

నిజమే. పెట్టేదాన్ని. ఎనభై నాలుగు దణ్ణాల బొమ్మలు వచ్చేవి.

"ఈ గ్రూపు ఈపూటే మూసేస్తాను" అన్నాను.

సన్యాసిరావు కంగారుపడ్డాడు. నేనతన్ని తీసేసినప్పుడు కూడా అంత కంగారుపడలేదు. "వద్దు వద్దు. ఆ జోకు ఆగబట్టే కదా ఇయ్యాల వచ్చేం. కంప్లైంటు రాకపోతే లైన్‌మన్‌కి ఎలా తెలుత్తాది? ఫోనూ ఉండాల, సైకిలూ ఉండాల."

సాయంత్రానికి కన్నబాబు కాస్త తేరుకున్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, "ఆ వంటలన్నీ నువ్వే చేసుకుంటున్నావనుకున్నాను" అన్నాను.

"అవన్నీ పాతవి పద్మా. మణి వండినవి. ఫోన్లో ఉండిపోయేయి. రోజుకొకటి తీసి పెడతన్నాను." దుప్పటి పైకి లాక్కుని మళ్ళీ అన్నాడు. "అప్పట్లో నేను కంచం అరుగు మీద పెట్టి ఫొటో తీత్తంటే కసిరేది. 'కూర చల్లారిపోతాది, ముందు లోపలికి రండి' అనేది. మీరందరూ బాగుందీ బాగుందీ అంటే దానికే సెప్తన్నట్టుండేది. గ్రూపే లేకపోతే నేను ఎప్పుడో అయిపోదును."

"మరి మాకెవరికీ చెప్పలేదేం?"

"ఏటని సెప్పను? దానికి ఏ బొమ్మ పెట్టాలో నాకు తెలీలేదు."

నేను ఏడ్చాను. దాచుకోవాలనిపించలేదు. తలుపు దగ్గర నిలబడ్డ సన్యాసిరావు గది గోడ మీద మీటరు కోసం వెతికాడు. ఆసుపత్రి గదిలో మీటరుండదు కదా, పాపం ఎటు చూడాలో తెలీక ఫ్యాను స్విచ్చిని టెస్టరుతో పరీక్షించడం మొదలుపెట్టాడు.

ఆ రోజే అతన్ని మళ్ళీ గ్రూపులో చేర్చాను. ఏడో నిబంధన కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో గ్రూపులో పెట్టలేదు. సాయంత్రాలు మా ఆయనతో నడకకి వెళ్ళినప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళిళ్ళకి ఒక్కొక్కరికీ వెళ్ళి చెప్పాను. ఇరవై ఆరిళ్ళు. మూడు వారాలు పట్టింది. నా మోకాళ్ళు అరిగాయి గాని, గంగాభవాని ఇంటి పెరట్లో సంపెంగ చెట్టుందని, శ్రీదేవికి చెవుడు మొదలైందని, ఇవన్నీ నాకప్పుడే తెలిశాయి. మూడేళ్ళుగా రోజూ పలకరించుకుంటున్నాం మరి.

మొన్న ఆదివారం పొద్దున్న కన్నబాబు జోకు పెట్టలేదు. మీటరు ఫొటో పెట్టాడు. "అడ్మిన్ గారూ, పోయినేడాది ఇదే నెలలో పద్నాలుగు యూనిట్లు. ఈ నెల తొంభై ఆరు. మీటరు పాడైనట్టుంది. లైన్‌మన్ ఎవరైనా ఉంటే చూడండి."

నేను చూసేసరికి పది దాటింది. నవ్వు బొమ్మ మీదికి వెళ్ళిన వేలు వెనక్కి తీసుకుని చెప్పులు వేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నాడు మా ఆయన పేపరు లోంచి.

"అటెండవ్వాలి."

ఆయన పేపరు మడిచాడు. "ఉండు, నేనూ వత్తాను."

మేం వెళ్ళేసరికి కన్నబాబు గేటు దగ్గర సైకిలు కాక మూడు స్కూటర్లున్నాయి. మాడుగుల బస్సు దిగిన నూకరాజు చేతిలో హల్వా పొట్లంతో వరండాలో నిలబడి ఉన్నాడు. శ్రీదేవి, వాళ్ళాయన, గంగాభవాని అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ లోపలికి వెళ్ళలేదు. అందరికంటే ముందు సన్యాసిరావు చేతులు వెనక్కి కట్టుకుని మీటరు ముందున్నాడు. ఎర్ర చుక్క ఊపిరాడనట్టు మినుకుతోంది. లోపల మిక్సీ తిరుగుతోంది, టీవీ మోగుతోంది, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"పాడైందా?" అని అడిగాను.

"లేదు" అన్నాడు సన్యాసిరావు చుక్క మీంచి చూపు తిప్పకుండా. "బానే ఉంది."

అని ఊరుకుంటాడా, ఇంకా అక్కడే నిలబడ్డాడు. మేమూ వెనకాల నిలబడ్డాం, ఆ చుక్క వంకే చూస్తూ. లోపల మిక్సీ ఆగింది. గరిటె చేత్తో పట్టుకునే కన్నబాబు గుమ్మంలోకొచ్చి, మా అందరి వీపుల్నీ చూసి కసిరాడు.

"మీటరుతో మాటలు తరవాత. కూర చల్లారిపోతాది, ముందు లోపలికి రండి."